అలవాటైపోయింది అనకండి: ఆయాసాన్ని అదుపులో పెట్టుకునే పద్ధతి

మా అమ్మది టెక్కలి దగ్గర పల్లె. బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో రెండుచోట్ల ఆగేది. మొదట చింతచెట్టు కింద, తర్వాత రామాలయం అరుగు మీద. "ఏటమ్మా, ఆయాసమా?" అంటే "నాకేటవ్వదే, అలవాటైపోనాది" అనేది. విని విని నేనూ ఆ మాట నమ్మేశాను. ఇరవై ఆరేళ్ల వయసులో ఒక రాత్రి మూడింటికి ఊపిరి అందక లేచి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఆ మాట ఎంత ప్రమాదమో ఆ రాత్రి అర్థమైంది.

ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్లు. శ్రీకాకుళంలో ఉంటున్నాను. ఉబ్బసానికి (ఆస్తమాకు) రోజూ పంపు, అంటే ఇన్‌హేలర్, పీలుస్తాను, మెట్లెక్కుతాను, రాత్రి తెల్లవార్లూ నిద్రపోతాను. నేను డాక్టర్ని కాను. కింద రాసినదంతా నాకు వైద్యం చేసిన ఛాతీ డాక్టర్లు నేర్పిందీ, ఉబ్బసానికి దేశదేశాల వైద్యులు పాటించే గినా మార్గదర్శకాలు చెప్పేదీ. దాన్ని మన శ్రీకాకుళం, విజయనగరం బతుకులకు తగ్గట్టు సర్ది చెబుతున్నాను. ఏ మందు ఎంత వాడాలో మీ డాక్టరే చెప్పాలి. మీ వంతు పని ఏమిటో మాత్రం ఇక్కడ ఉంది.

మొదట, మీ ఆయాసం అదుపులో ఉందో లేదో తేల్చుకోండి

ఒక కాగితం తీసుకోండి. గడిచిన నాలుగు వారాలు గుర్తు చేసుకుని ఈ నాలుగు ప్రశ్నలకు అవును, కాదు అని రాయండి.

1. పగటిపూట ఆయాసం, దగ్గు, పిల్లికూతలు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వచ్చాయా?
2. ఉబ్బసం వల్ల ఒక్క రాత్రైనా నిద్రలోంచి లేచారా?
3. ఆయాసం వచ్చినప్పుడు వాడే పంపు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమైందా?
4. ఆయాసం వల్ల ఏ పనైనా మానేశారా, తగ్గించుకున్నారా?

నాలుగింటికీ "కాదు" అని వస్తే అదుపులో ఉన్నట్టు. ఒకటో రెండో "అవును" వస్తే అరకొరగా ఉన్నట్టు. మూడు, నాలుగు వస్తే అదుపు తప్పినట్టు. ఇంతకంటే పెద్ద లెక్క అక్కర్లేదు.

నాలుగో ప్రశ్న దగ్గర చాలామంది తమకు తెలియకుండానే తప్పు జవాబు రాస్తారు. పని మానేశామన్న సంగతే గుర్తుండదు కాబట్టి. నీళ్ల బిందె కోడలు తెస్తోంది, అటక మీది సామాను కొడుకు దించుతున్నాడు, రామతీర్థం వెళ్లినా కొండెక్కకుండా కిందనే దండం పెట్టుకుని వచ్చేస్తున్నారు. "నాకు ఇబ్బందేమీ లేదు" అనిపిస్తుంది. ఇబ్బంది వచ్చే పని చేయడమే మానేశాక ఇబ్బంది ఎలా కనబడుతుంది? అందుకే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఇంట్లోవాళ్లను అడిగి రాయండి. ఐదేళ్ల క్రితం మీరు చేసి, ఇప్పుడు చేయనిదేమిటో వాళ్లు ఠక్కున చెప్పేస్తారు.

ఈ కాగితం పారేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాలి. "ఎలా ఉందమ్మా?" అని ఆయన అడగ్గానే "పర్వాలేదండి" అనేస్తాం కదా. కాగితం ఉంటే అలా అనలేం.

అది ఉబ్బసమేనా?

ఆయాసం వచ్చిన ప్రతివాళ్లకీ ఉబ్బసం ఉండదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు కళ్లె పరీక్ష చేయించుకోవాలి, టీబీ కావచ్చు. ఏళ్ల తరబడి చుట్ట, బీడీ కాల్చినవాళ్లకీ, కట్టెల పొయ్యి దగ్గరే జీవితం గడిపిన ఆడవాళ్లకీ సీఓపీడీ అనే మరో ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం పెరుగుతుంటే గుండె కూడా చూపించుకోవాలి.

ఉబ్బసానికి ఒక గుర్తుంది: ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తేలిక. వాతావరణం మారినా, ఘాటు వాసన తగిలినా, గట్టిగా నవ్వినా మొదలవుతుంది. ఖాయం చేసుకోవడానికి స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష ఉంది. ఒకసారి ఊదిస్తారు, పంపు మందు ఇచ్చి కాసేపాగి మళ్లీ ఊదిస్తారు. రెండోసారి గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ పెరిగితే ఉబ్బసమని నమ్మకం బలపడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో అడిగి చూడండి. మరీ చిక్కు కేసైతే విశాఖలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోకుండా పదేళ్లు మందు మింగడం మంచిది కాదు.

రెండు పంపులకు తేడా తెలుసుకోండి

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. ఆయాసం లేని రోజు కూడా ఆ వాపు కొంత ఉంటుంది. పొగో దుమ్మో తగలగానే గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కఫం అడ్డుపడుతుంది, కూతలు మొదలవుతాయి.

సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్ పంపులు ఆ బిగువును నిమిషాల్లో వదులు చేస్తాయి. వాపు జోలికి పోవు. వాపును తగ్గించేవి బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్లు. ఇవి రోజూ వాడాలి. పీల్చగానే తేడా తెలియదు కాబట్టి "ఈ పంపు పనిచేయడం లేదు" అని పక్కన పడేస్తారు, పీల్చగానే హాయినిచ్చేదాన్ని నెలకొకటి కొనుక్కుంటారు. మన ఊళ్లలో ఉబ్బసం అదుపు తప్పడానికి ఇంతకు మించిన కారణం నాకు కనబడలేదు.

లెక్క చూడండి. 200 పీల్పుల సాల్బుటమాల్ పంపు ఏడాదికి మూడు లేదా అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంటే పెద్ద అటాక్ (ఆయాసం ఒక్కసారిగా ముదరడం) వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పన్నెండు, అంటే నెలకొకటి అయ్యే మనిషికి ప్రాణాపాయమే పెరుగుతుంది. అందుకే పెద్దవాళ్లు పీల్చే స్టెరాయిడ్ లేకుండా ఒక్క సాల్బుటమాల్ మీదే నెట్టుకురావొద్దని గినా 2019 నుంచి చెబుతోంది. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపునైతే కొందరికి రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు తీసుకునే మందుగానూ ఒక్కదాన్నే రాస్తారు. సాల్మెటెరాల్ కలిసిన పంపు అలా కాదు, అది నిదానంగా పనిచేస్తుంది, ఆయాసం ముదిరినప్పుడు దాన్ని నమ్ముకోకూడదు. రంగు చూసి గుర్తుపెట్టుకోకండి, కంపెనీని బట్టి రంగులు మారతాయి. డబ్బా మీద పేరు చదివించుకుని, ఒకదాని మీద "రోజూ" అనీ, రెండోదాని మీద "ఆయాసానికి" అనీ పెన్నుతో రాయించండి.

స్టెరాయిడ్ అనగానే భయం. భయపడాల్సింది ఎక్కడో చెబుతాను. రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ పీల్చేవాళ్ల ఒంట్లోకి వెళ్లేది 0.4 మిల్లీగ్రాములు. పెద్ద అటాక్ వస్తే రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఐదు రోజులు ఇస్తారు. మొత్తం 200 మిల్లీగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాదు, ఇది తూకం లెక్క మాత్రమే. అయినా ఆ తూకంలో 500 రోజుల పంపు మందు ఐదు రోజుల మాత్రల్లో అయిపోయింది. పంపు భయంతో మానేసినవాళ్లు చివరికి మాత్రల్లో, ఇంజెక్షన్లలో అంతకు ఎన్నో రెట్లు స్టెరాయిడ్ తీసుకుంటారు.

నా మొదటి నాలుగేళ్లు అలాగే పోయాయి. పక్క ఊళ్లో ఒకాయన ఆయాసం వచ్చినప్పుడల్లా ఒక ఇంజెక్షను పొడిచి, పొట్లంలో పేరు లేని చిన్న మాత్రలు ఇచ్చేవాడు. గంటలో హాయిగా ఉండేది. ఏడాది తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ గీత దాటింది. అవి స్టెరాయిడ్ మాత్రలని తర్వాత పెద్దాసుపత్రిలో చెప్పారు. మీరూ అలాంటివి నెలల తరబడి వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. మాత్రలు చేత్తో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆయన మెల్లగా తగ్గిస్తారు. పేరు చెప్పని మందు ఇకమీదట ఎవరిచ్చినా తీసుకోవద్దు.

మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి చేప మందు మింగి వచ్చేవాళ్లు మా బంధువుల్లోనూ ఉన్నారు. వెళ్లేవాళ్ల నమ్మకాన్ని నేను కాదనను. ఆ మందు మింగామని పంపు మానేయడం మాత్రం వద్దు. ఆ రైలు ప్రయాణంలోనూ పంపు చేతిలో ఉండాలి.

పీల్చే పద్ధతి సరిచేసుకోండి

ఇక్కడ కాస్త ఓపికగా చదవండి. మంచి డాక్టరు, మంచి మందు, డబ్బూ అన్నీ ఉండి కూడా ఇక్కడే చెడిపోయినవాళ్లలో నేనొకదాన్ని. ఒకసారి ఆసుపత్రి వరండాలో పంపు పీలుస్తుంటే ఒక నర్సమ్మ ఆగి, "అక్కా, నోట్లోంచి తెల్లగా పొగ వస్తోంది చూశావా? అదే నీ మందు, గాల్లోకి పోతోంది" అంది. నాలుగేళ్లుగా నేను గాలికి వైద్యం చేస్తున్నాను!

నొక్కే పంపు అయితే ఇలా:

1. మూత తీసి, నోరుపెట్టే చోట చెత్త లేదని చూసి, బాగా ఆడించండి. కొత్తదైనా, కొన్నాళ్లు వాడకపోయినా ముందు రెండు మూడుసార్లు గాల్లోకి నొక్కండి.
2. నిటారుగా కూర్చోండి లేదా నిలబడండి. పంపుకు దూరంగా ఊపిరంతా మెల్లగా వదిలేయండి.
3. పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు బిగించండి. నాలుక అడ్డం రాకూడదు.
4. మెల్లగా పీల్చడం మొదలుపెట్టి, మొదలుపెట్టగానే ఒక్కసారి నొక్కండి. ఇంకా మెల్లగా, లోతుగా పీలుస్తూనే ఉండండి. నొక్కడం ముందూ కాదు, పీల్చేశాక కాదు.
5. నోరు మూసి పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి.
6. రెండోసారి కావాలంటే అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్లీ ఆడించి మొదటినుంచి చేయండి.
7. స్టెరాయిడ్ పంపు అయితే నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి. మానేస్తే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు వస్తాయి.

నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లు, అంటే మనలో సగానికి సగం మంది, స్పేసర్ వాడాలి. పంపుకూ నోటికీ మధ్య పెట్టుకునే బోలు డబ్బా అది. మందుల షాపులో దొరుకుతుంది. కొనలేకపోతే అర లీటరు నీళ్ల సీసాతో చేసుకోవచ్చు. దక్షిణాఫ్రికాలో ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇలాంటి సీసాతో మందు ఇచ్చి చూశారు, కొన్న స్పేసరులాగే పనిచేసింది. చేయడం ఇలా: సీసా అడుగున మధ్యలో పంపు మూతిని ఆనించి చుట్టూ పెన్నుతో గీత గీయండి. ఒక తీగను ఆ ఆకారానికి వంచి, కాల్చి, గీత మీద అదమండి. ప్లాస్టిక్ కరిగి సరిగ్గా పంపు మూతి పట్టేంత కన్నం పడుతుంది. ఆ కాలే వాసన మీకు పడదు కాబట్టి ఈ పని ఇంట్లో ఇంకొకరు బయట కూర్చుని చేయాలి. అంచు గరుకుగా ఉంటే టేపు చుట్టండి. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో సీసా కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టండి. తుడిస్తే ప్లాస్టిక్‌లో పుట్టే స్థిర విద్యుత్తుకు మందు గోడలకే అంటుకుపోతుంది. కొన్న స్పేసరుకూ ఇదే పద్ధతి. ఆరాక కన్నంలో పంపు, సీసా మూతి మీ నోట్లో. ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా నాలుగైదుసార్లు ఊపిరి అందులోకే పీల్చి వదలండి. ఇది అత్యవసరానికి, చేతిలో డబ్బు లేనప్పటికి. వీలు చూసుకుని మంచి స్పేసర్ కొనుక్కోండి.

గొట్టం మందు (క్యాప్సూల్) పెట్టి, తిప్పి, అందులోని పొడిని పీల్చే పరికరమైతే పద్ధతి తిరగబడుతుంది. దాన్ని మెల్లగా పీలిస్తే పొడి లేవదు. గట్టిగా, ఒక్క ఊపున లాగాలి. అందులోకి ఊదకూడదు, ఊదితే తేమకు పొడి ముద్దకడుతుంది. మన తీరంలో గాలే తడి. భావనపాడు, కళింగపట్నం వైపు ఉండేవాళ్లు క్యాప్సూళ్లను సీసాలోంచి ముందే తీసి పెట్టుకోకండి, పీల్చే నిమిషంలోనే తీయండి. పీల్చాక లోపల పొడి మిగిలితే మళ్లీ పీల్చండి. క్యాప్సూల్ నీళ్లతో మింగేసేవాళ్లనూ చూశాను. తప్పు వాళ్లది కాదు, ఇచ్చినవాళ్లు చూపించలేదు.

పంపు ఖాళీ అయిందో లేదో ఊపి చూసి, నీళ్లలో తేల్చి చూసి చెప్పలేం. లెక్క వేసుకోండి: 120 పీల్పుల డబ్బా, పొద్దున రెండు, రాత్రి రెండు అయితే 30 రోజులు. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాయండి. లెక్కచూపే అంకెలున్న పంపు దొరికితే ఇంకా మంచిది.

ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఒక మాట అడగండి: "మీ ఎదురుగా ఒకసారి పీలుస్తాను, సరిగ్గా ఉందో లేదో చూడండి." ఎవరూ కాదనరు.

మీ పొగ, మీ దుమ్ము ఏదో పట్టుకోండి

ఒక నోటుపుస్తకంలో నెల రోజులు రోజుకొక్క గీత రాయండి: ఎప్పుడు ఆయాసం వచ్చింది, అంతకు ముందు ఏం చేశారు. నెల తిరిగేసరికి మీ శత్రువు పేరు అందులోనే ఉంటుంది.

మా అమ్మ పుస్తకం రాయనవసరం లేకుండానే తెలిసిపోయింది. ఆమెది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మన తీరంలో ముసలమ్మలను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నాట్లు వేస్తూ, బట్టలు ఉతుకుతూ రెండు చేతులూ పనిలో ఉన్నా చుట్ట నోట్లోనే ఉండేది. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని చాలామందికి తెలుసు. ఉబ్బసానికి రెండు వైపులా దెబ్బ అని తెలియదు: పొగ గొట్టాలను రేపుతుంది, పైగా పొగతాగేవాళ్ల మీద పీల్చే స్టెరాయిడ్ సరిగ్గా పనిచేయదు. మానడానికి సాయం కావాలంటే జాతీయ ఉచిత నంబరు 1800-11-2356. ఇంట్లో మరొకరు కాల్చినా మీకు అంతే. "అయ్యా, వీధిలోకెళ్లి కాల్చండి" అనడానికి మొహమాటం వద్దు. మామగారైనా సరే.

తర్వాత పొయ్యి. దీపం-2 పథకం 2024 నవంబరు 1న మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే మొదలైంది, అర్హత ఉన్న ఇంటికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మూడు సిలిండర్లతో ఏడాది గడవదని నాకూ తెలుసు. కట్టెల పొయ్యి పూర్తిగా మానలేకపోతే దాన్ని పెరట్లోకి మార్చండి, వేణ్నీళ్ల పని ఆయాసం లేనివాళ్లకు అప్పగించండి. ఎండుమిర్చి పోపు పెట్టేటప్పుడు మీరు వంటింట్లో ఉండకండి.

దోమల కాయిల్ సంగతి చాలామంది నమ్మరు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. తలుపులు బిగించి, కాయిల్ వెలిగించి, పక్కనే పడుకుని "రాత్రిళ్లు ఎక్కువవుతోంది" అంటాం. దోమతెర కట్టుకోండి. పశువుల శాలలో పిడకల పొగ పెడితే మీ గదికి గాలి ఎటునుంచి వస్తుందో చూసుకోండి. సాంబ్రాణి, అగరుబత్తి దేవుడి గదికే ఉంచి తలుపు మూసేయండి.

పని చోటు గురించి ఒకే ప్రశ్న వేసుకోండి: సెలవు రోజున, ఊరెళ్లినప్పుడు తేలిగ్గా ఉంటుందా? ఉంటే కారణం పనిలోనే ఉంది. పలాస, కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే పొగ, పప్పు పొట్టు తీసేటప్పుడు లేచే దుమ్ము. నెల్లిమర్ల వైపు జూట్ మిల్లుల్లో నార దుమ్ము. రైస్ మిల్లులో ఊక, తవుడు. పొందూరులో పత్తి ఏకేచోట లేచే నూగు. టెక్కలి చుట్టూ గ్రానైట్ రాయి కోసే దుమ్ము, ఇది ఉబ్బసం లేనివాళ్ల ఊపిరితిత్తులనూ గట్టిపరిచేస్తుంది. పని మానేయమని నేను ఎలా చెప్పగలను? ఆ కూలితోనే ఇల్లు గడుస్తుంది. కానీ ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి, మేస్త్రీని దుమ్ము తక్కువ ఉండే చోటికి మార్చమని అడగండి, ఎన్95 మాస్కు ముక్కుకు బిగుతుగా కట్టుకోండి. తువ్వాలు చుట్టుకుంటే పెద్ద దుమ్ము ఆగుతుంది, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటిది ఆగదు.

మన ఏడాదిలో చెడ్డ కాలం నవంబరు నుంచి జనవరి వరకు. కళ్లాల్లో నూర్పులు, ధాన్యం తూర్పారబట్టడం, పొద్దున మంచు, సంక్రాంతికి బూజులు దులపడం, ఇంటికి సున్నం, పెయింటు, చివరికి భోగి మంట. అందులో ఎవరో ఒకరు పాత టైరు వేస్తారు. ఈ మూడు నెలలకు మందు పెంచాలా అని అక్టోబరులోనే డాక్టర్‌ని అడగండి. బూజులు దులిపే రోజు మీరు పక్కింట్లో ఉండండి, గదులు తడిగుడ్డతో తుడిచాకే తిరిగి రండి. భోగి మంట దూరం నుంచి చూసినా పండగే. వానల తర్వాత రోడ్ల పక్కన వయ్యారిభామ పూస్తుంది, దాన్ని చేత్తో పీకే పని మీరు పెట్టుకోకండి.

మిగతా మందులు, మిగతా జబ్బులు

ఏ జబ్బుకు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, కూర్చోగానే "నాకు ఉబ్బసం ఉందండి" అనండి. బీపీకి, గుండెదడకు ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, కంటి నీటికాసుల జబ్బుకు వేసే టిమొలాల్ చుక్కలు గొట్టాలను బిగించేస్తాయి. చుక్కలే కదా అనుకోవద్దు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ నొప్పి మాత్రలు కొందరికి గంటలోనే అటాక్ తెస్తాయి, ముఖ్యంగా ముక్కులో కండలు పెరిగేవాళ్లకు. ఉద్దానం వాళ్లు ఈ మాత్రలకు కిడ్నీల కోసం ఎలాగూ దూరంగా ఉండాలి.

ముక్కు కారడం, తుమ్ములు ఉంటే వాటికీ మందు వాడాలి, ముక్కు ఇబ్బంది ముదిరితే ఛాతీకీ ఇబ్బందే. పుల్లటి తేన్పులు, గుండెమంట ఉంటే రాత్రి భోజనం పెందలాడే ముగించండి. బరువు ఎక్కువున్నవాళ్లు తగ్గితే ఆయాసం తగ్గుతుంది. ఏటా ఫ్లూ టీకా గురించి అడగండి. ఉబ్బసానికి ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్ర మొదలుపెట్టాక పీడకలలు, దిగులు, చిరాకు ఎక్కువైతే దాచుకోకుండా చెప్పండి. గర్భిణులు పంపు మానకూడదు. బిడ్డకు హాని చేసేది తల్లికి ఊపిరి అందకపోవడమే. ఈ మాట అత్తగారి ముందు డాక్టర్‌తోనే చెప్పించండి.

అటాక్ రోజు కోసం ఇప్పుడే కాగితం రాయించుకోండి

ఊపిరి అందనప్పుడు మెదడు పనిచేయదు. కాబట్టి బాగున్న రోజే డాక్టర్‌తో తెలుగులో ఒక కాగితం రాయించుకోండి: కాస్త తేడాగా ఉంటే ఏ పంపు ఎంత పెంచాలి, ఎప్పుడు మాత్రలు మొదలుపెట్టాలి, ఎప్పుడు పరుగెత్తాలి. పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం కొనుక్కోగలిగితే ఈ కాగితానికి అంకెలు వస్తాయి. నిలబడి మూడుసార్లు గట్టిగా ఊది, అన్నింటిలో పెద్ద అంకె రాసుకోవాలి. మీరు బాగా ఉన్నప్పటి అంకెలో 80 శాతం పైన ఉంటే పచ్చ, 50 నుంచి 80 మధ్య పసుపు, 50 కంటే తక్కువైతే ఎరుపు. నా బాగున్న రోజు అంకె 380, కాబట్టి 304 దిగితే జాగ్రత్త పడతాను, 190 దిగితే బయల్దేరతాను.

అటాక్ వస్తే మనిషిని పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, చుట్టూ మూగిన జనాన్ని తప్పించండి. ఆయాసం పంపు స్పేసరులో ఒక్కసారి నొక్కి నాలుగు ఊపిర్లు తీయించండి. ఇలా నాలుగుసార్లు. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్లీ నాలుగు, 108కి ఫోన్. బండి వచ్చేదాకా అలాగే ఇస్తూ ఉండండి.

మాట పూర్తిగా చెప్పలేక ముక్కలు ముక్కలుగా వస్తున్నా, పెదాలు నీలిరంగుకు మారుతున్నా, మెడ దగ్గర, పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 92 కంటే తక్కువున్నా, మగతగా ఉన్నా ముందు 108, తర్వాతే మిగతావి. ఇంకొకటి గుర్తుంచుకోండి. గట్టిగా వినిపించే కూతలు ఆగిపోయి, మనిషి మాత్రం నీరసించిపోతుంటే తగ్గిందని సంబరపడొద్దు. కూత రావడానికి కూడా గాలి ఆడటం లేదన్నమాట.

అటాక్ తగ్గి ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లో మళ్లీ డాక్టర్‌ని కలవండి. ఆ వారంలోనే అది తిరగబెట్టవచ్చు.

తుఫానుకూ, వలసకూ సిద్ధం కండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, స్తంభాలు విరిగిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో ఒక ఇంట్లో నెబ్యులైజర్ (మందును పొగమంచులా చేసి పీల్పించే యంత్రం) ఉంది, ఆడించడానికి కరెంటే లేదు. రోడ్డు మీద చెట్లు పడి 108 రాలేదు. ఆ ఇంటాయనకు నా పంపు, నీళ్ల సీసాతోనే రెండు రాత్రులు గడిచాయి. పంపు, స్పేసరుతో సరైన మోతాదులో ఇస్తే నెబ్యులైజర్‌తో సమానంగా పనిచేస్తుందని అప్పటికి నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. అందుకే సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇంట్లో నెల రోజుల మందు అదనంగా ఉంచండి. తుఫాను హెచ్చరిక రాగానే పంపులు, స్పేసర్, కాగితం ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోండి. నీళ్లు దిగాక గోడలకు బూజు పడుతుంది. కడిగే పని, బ్లీచింగ్ చల్లే పని ఇంకొకరు చేయాలి, వాసన పోయేదాకా మీరు బయటే ఉండాలి.

మందు ఎప్పుడు తగ్గించాలన్నది మీరు ఎంచుకోకండి. మూడు నెలలు నాలుగు ప్రశ్నలకూ "కాదు" అని వస్తే డాక్టరే ఒక మెట్టు దించుతారు. పూర్తిగా ఆపేయడం వేరు, దించడం వేరు. డబ్బు ఇబ్బందైతే జన ఔషధి దుకాణంలో అదే మందు తక్కువకు దొరుకుతుందేమో చూడండి, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, పీహెచ్‌సీలో అడగండి. మందు చేతికొచ్చేదాకా రోజు విడిచి రోజు పీల్చి పొదుపు చేయకండి.

ఇక విశాఖ, హైదరాబాద్, చెన్నై కూలి పనులకు వెళ్లే మన అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ ఒక మాట. అక్కడ సిమెంటు దుమ్ములో పని, రేకుల షెడ్డులో పడక, తెలియని ఊరు. బయల్దేరే ముందు మూడు నెలల మందు కొనుక్కోండి. చీటీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. మీ గదిలో ఉండే ఒక్క మనిషికైనా మీకు ఉబ్బసమని, పంపు ఎక్కడుంటుందో చెప్పండి. రైల్లో పంపు సీటు కింద తోసిన పెట్టెలో కాదు, చొక్కా జేబులో, లేదా రవికెలో దోపుకున్న చిన్న సంచిలో ఉండాలి.